ఎడమ భుజం అరంగుళం కిందికి

టైలరు మాస్టరు పోయిన నెలకల్లా కొట్టు ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. గది సొంతదారు మంచివాడే. "తొందరేం లేదమ్మా, నెలాఖరు దాకా ఉండండి" అన్నాడు. అని, ఆ మర్నాడే సెల్‌ఫోన్లు బాగుచేసే మనిషిని వెంటబెట్టుకొచ్చి గోడలు చూపించాడు. వచ్చినతను తన బల్ల ఎక్కడ పడుతుందోనని నేలంతా జానలతో కొలుచుకుంటుంటే, గుండీలమ్మ ఆ జానల లెక్క చూడలేక మెడలోని టేపు తీసి అతని చేతికిచ్చింది.

ఆ టేపు ఆమె భర్తది, మాస్టరుది. ఆయన పోయినప్పట్నుంచి ఆమె మెడలోనే ఉంటోంది.

గుండీలమ్మ అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు. పెళ్ళయి వచ్చిన మొదటి వారంలోనే భర్త కొట్లో ఓ మూల స్టూలు వేసుకుని గుండీలు కుట్టడం మొదలుపెట్టింది. ముప్పై ఏళ్ళయినా స్టూలూ మారలేదు, పనీ మారలేదు. ఆమె కుట్టిన గుండీ, చొక్కా చిరిగినా ఊడదని వీధిలో పేరు. "చొక్కా పారేసేటప్పుడు గుండీలు కోసి దాచుకోండి, మనవడికి పనికొస్తాయి" అని మాస్టరు వచ్చినవాళ్ళ దగ్గర గొప్పలు పోయేవాడు. ఇంట్లో మాత్రం ఒక్కనాడూ మెచ్చుకున్న పాపాన పోలేదు. పోయాక అందరూ ఆయన్ని దేవుణ్ణి చేసి మాట్లాడుతుంటే, చచ్చినవాడి కళ్ళు చారెడంటే ఇదే కాబోలనుకుంది గుండీలమ్మ. అలా అనుకున్నందుకు మళ్ళీ తనే ఏడ్చింది.

ఖాళీ చేసేలోగా చెయ్యాల్సిన పని ఒకటే. కత్తిరించి పెట్టిన బట్టలు ఎవరివి వాళ్ళకి చేర్చాలి. ఈ విషయంలో మాస్టరుకో పద్ధతుంది. ఒక్కో మనిషికి కొలతల పుస్తకంలో ఒక్కో పేజీ. గుడ్డ కత్తిరించాక ముక్కలన్నీ చుట్టచుట్టి, అదే గుడ్డ పీలికతో కట్టి, ఆ ముడిలో పేజీ నంబరు రాసిన చీటీ దోపేవాడు. చీటీ మీద పేరు రాయడు. "పేర్లు ఒకరివి ఇంకొకరికి ఉంటాయి, ఒళ్ళు ఉండదు" అనేవాడు.

అలాంటి చుట్టలు ఏడు మిగిలాయి. ఆరింటిని ఆమె పుస్తకం చూసి, ఇళ్ళు వెతుక్కుంటూ వెళ్ళి ఇచ్చొచ్చింది. ఏడోది ముదురు నీలం కోటు. కొట్లో ఉన్న గుడ్డల్లోకెల్లా మంచిది. ఎవరడిగినా "అది అమ్మకానికి కాదండీ" అని పై అరలో దాచిన గుడ్డ. చీటీ మీద నూట పన్నెండు అని ఉంది.

నూట పన్నెండో పేజీలో పేరు రాసే గీత ఖాళీగా ఉంది.

దాని కింద వరసలు. ప్రతి వరసకీ ముందు సంవత్సరం, తర్వాత అంకెలు. మొదటి వరసలో మూడే అంకెలు: పొడవు పంతొమ్మిదిన్నర, ఛాతీ పదమూడు, చెయ్యి ఆరు. ముప్పై ఏళ్ళు బట్టల మధ్య బతికిన మనిషికి ఆ కొలతలు ఎవరివో ఎవరూ చెప్పక్కర్లేదు. అప్పుడే పుట్టిన బిడ్డవి. రెండో వరసలో పొడవు పెరిగింది. మూడో వరసలో నిక్కరు కొలత వచ్చింది. అలా ఏడాదికో వరస చొప్పున బిడ్డ పెరుగుతూ పోయాడు. నిక్కరు పోయి ప్యాంటు వచ్చింది, భుజాలు విచ్చుకున్నాయి, ఇరవయ్యో ఏట ఎత్తు ఆగింది. ఆగేటప్పటికి మాస్టరు కన్నా రెండంగుళాలు ఎక్కువ. చివరి రెండు వరసల్లో నడుము అంగుళం పెరిగింది. మొత్తం ఇరవయ్యేడు వరసలు. నాలుగో ఏటి నుంచి ప్రతి వరస చివరా ఒకే మాట: ఎడమ భుజం అరంగుళం కిందికి.

గుండీలమ్మ పుస్తకం మూసేసి స్టూలు మీద కూర్చుంది.

మాస్టరుకి ఎడమ భుజం సరిగ్గా అరంగుళం దిగి ఉండేది. పుట్టుకతోనే అంత. తన చొక్కాలకి తనే ఆ పక్క ఓ చిన్న మెత్త పెట్టి కుట్టుకునేవాడు. బయటివాళ్ళకి తెలియదు. తెలిసింది ఆమెకీ, కొట్లో గుండీల కంతలు తీసిన కాజాల బాబాయికీ.

ఇంకొకటి కూడా ఆమె చూసింది. మొదటి వరసకి ముందున్న సంవత్సరం. ఆమె ఆసుపత్రి నుంచి ఖాళీ చేతులతో ఇంటికొచ్చిన సంవత్సరం అదే. అప్పుడు ఎనిమిది రోజులు జ్వరంలో తెలివి లేకుండా పడుంది. తెలివొచ్చేసరికి అంతా అయిపోయింది. బిడ్డ దక్కలేదన్నారు. ఆడో మగో ఆమె అడగలేదు, ఎవరూ చెప్పలేదు. అడిగితే నిజమైపోతుందని భయం. కానీ ఆడపిల్లేనని ఎందుకో గట్టిగా అనిపించింది. ఆర్నెల్లకి కాస్త లేచి తిరిగాక, కొట్లో మిగిలిన పూల గుడ్డ ముక్కలతో ఓ గౌను కుట్టి భర్త ముందు పెట్టింది. "మన పిల్ల ఉంటే ఇప్పుడిది సరిపోయేది కదండీ" అంది. మాస్టరు ఆ గౌను అటూ ఇటూ తిప్పి చూశాడు. చాలాసేపు చూశాడు. "చంక దగ్గర బిగుతు" అన్నాడు. అంతే. తర్వాత ఏటా ఒకటి కుట్టింది, ఏటా కాస్త పెద్దది. ఏ పేద పిల్లకో ఇచ్చేసేది. మళ్ళీ కాన్పు లేదు.

అంటే, తన కడుపు ఖాళీ అయిన ఏడే, ఈయనకి ఇంకోచోట ఇల్లు నిండిందన్నమాట.

*

ఓదార్చడానికని వచ్చి, నెలైనా కదలని అక్క ఒకావిడ ఇంట్లో ఉంది. గుండీలమ్మకన్నా ఆరేళ్ళు పెద్ద. ఓదార్పుకన్నా ఆరా తీయడం ఆవిడకి ఎక్కువ చేతనవును. పేజీ చూపించగానే కళ్ళజోడు తుడుచుకుని మరీ చదివింది.

"సందేహమేముందే, ఇది అచ్చం ఆ సినిమాయే."

ఆ సినిమా అంటే ఆ ఇంట్లో అందరికీ ఒకటే. రెండు నెలలకోసారి టీవీలో వచ్చే హిందీ సినిమా. రాజమహల్లాంటి ఇల్లు, మధ్యలో వంపు తిరిగిన మెట్లు. కింద అన్ని సోఫాలుంచుకుని ఆ ఇంట్లోవాళ్ళు ఒక్కరూ కూర్చోరు. సుఖమైనా దుఃఖమైనా మెట్ల మీద నిలబడే చెప్పుకుంటారు. పెద్దాయనకి ఎక్కడో కొండల్లో రహస్యంగా ఓ కొడుకుంటాడు. వాడొకనాడు వానలో దుప్పటి కప్పుకుని, తండ్రి చేతి గడియారం పట్టుకుని గుమ్మంలోకొస్తాడు. ముందు కుక్క గుర్తుపడుతుంది. తర్వాత ఇల్లాలు పళ్ళెం జారవిడుస్తుంది. ఒకే పళ్ళేన్ని మూడు వైపుల నుంచి మూడుసార్లు. ఉరుములు. పాట. ఆ పాట అయ్యేలోగా ఆవిడ క్షమించేస్తుంది. మాస్టరుకీ గుండీలమ్మకీ హిందీ అంతంతమాత్రం. ఫరవాలేదు, దానికి భాష అక్కర్లేదు.

ఆ సినిమాలో ఒకచోట మాస్టరు ఏడ్చేవాడు. పెద్దాయన మెట్లు దిగొచ్చి, కొడుకు భుజాల మీద రెండు చేతులూ వేసే చోట. ప్రతిసారీ అక్కడే. గుండీలమ్మ ఆటపట్టించేది. "ఎవడి కొడుకో కనపడితే మీకెందుకండీ ఏడుపు? మీ ఆస్తేమైనా పంచిమ్మన్నాడా?"

"నేను ఏడుస్తోంది కొడుక్కి కాదే" అనేవాడు మాస్టరు, ముక్కు చీదుకుంటూ. "వాడి కోటుకి. ఎడమ భుజం ఎలా జారిందో చూడు. అంత డబ్బు పోసి సినిమా తీసి, ఒక మంచి టైలర్ని పెట్టుకోలేకపోయారు."

ఆమె పడీ పడీ నవ్వేది. ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఆ భుజం వైపు చూడలేదు. భర్త మొహం చూసి నవ్వడానికే సరిపోయేది.

ఆ ఏడుపు సంగతి చెప్పగానే, "చూశావా మరి!" అంది అక్క. "ఊరికే ఏడుస్తాడా మగాడు, తప్పుచేసిన గుండె కాకపోతే? ఏ పుట్టలో ఏ పాముందో ఎవరికి తెలుసు! ఇంకా నయం, వాడింకా రాలేదు. వస్తాడు చూడు. దుప్పటి కప్పుకుని మరీ వస్తాడు."

"ఈ ఎండల్లో దుప్పటెందుకక్కా?"

"కుక్క గుర్తుపడుతుంది ముందు."

"మనకి కుక్క లేదు. మెట్లూ లేవు."

"గుమ్మం ఉందిగా, సర్దుకుంటాడు." అక్క మళ్ళీ పేజీలోకి వంగింది. "నడుము చూడు, రెండేళ్ళలో అంగుళం. ఎవత్తోగానీ బాగానే మేపుతోంది."

గుండీలమ్మకి నవ్వు రాలేదు. ఆమెకి ఆస్తి గొడవ లేదు. పంచడానికి ఓ కుట్టుమిషనూ రెండు కత్తెరలూ తప్ప ఏమున్నాయి? ఆమెకి కావాల్సింది ఒక్కటే. ఆ స్టూలు మీద తను కూర్చున్న ముప్పై ఏళ్ళూ తనవేనా, లేక సగం ఎవరివో తనకి చెప్పకుండా కత్తిరించుకుపోయారా? అది తేలకుండా ఆ కొట్టు తాళం ఇంకొకరి చేతికి ఇవ్వలేననుకుంది.

*

నాలుగోరోజు మధ్యాహ్నం పోస్ట్‌మన్ వచ్చాడు. ఆ వీధికి కొత్త. కొత్త యూనిఫాం చొక్కా ఒకటి చేతికిచ్చి, చేతులు పొడవయ్యాయి, కాస్త మడిచి కుడతారా అని అడిగాడు. కొట్టు మూసేస్తున్నామని చెప్పబోయిన గుండీలమ్మ నోరు అలాగే ఉండిపోయింది. అతని ఎడమ భుజం జారి ఉంది. ఆమె కంటికి టేపు అక్కర్లేదు. అరంగుళం.

అయినా టేపు వేసింది. అరంగుళమే.

"వయసెంత బాబూ?"

"ఇరవయ్యారు నిండాయండి."

వెనకాల, కొట్టు సర్దడానికి తోడొచ్చిన అక్క గుమ్మం పట్టుకోవడం గాజుల చప్పుడుతో ఆమెకి తెలిసింది.

"మీ అమ్మగారు... కుట్టుపని వచ్చా ఆవిడకి?"

"మా అమ్మకా! గుండీ ఊడితే పిన్నీసు పెడుతుందండి."

ఇలాంటి వేళలో ఉండకూడదుగానీ, ఆ మాటకి గుండీలమ్మకి రవ్వంత తృప్తి కలిగింది.

అక్క ఇక ఆగలేకపోయింది. "మరి మీ నాన్న ఎవరు నాయనా? ఉన్నాడా? చూశావా ఎప్పుడైనా?"

పోస్ట్‌మన్ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "పొద్దున్నే చూశానండి, పళ్ళు తోముకుంటున్నాడు. ఆయనా పోస్ట్‌మనే, రిటైరయ్యాడు. ఏం, ఏమైనా ఉత్తరం తప్పిపోయిందా?"

"ఈ భుజం ఇలా..." అంది గుండీలమ్మ.

"అదా!" అతను నవ్వేశాడు. "సంచీ అమ్మా. ఆరేళ్ళుగా ఒకే పక్క. మా నాన్నకైతే అంగుళం పైనే దిగింది. ఆఫీసులో అందరం ఒక పక్కకి ఒరిగే ఉంటాం. గ్రూపు ఫోటో తీస్తే, చూసినవాళ్ళు గోడ వంకరనుకుంటారు."

అతను వెళ్ళిపోయాక అక్క కాసేపు ఆలోచించింది. "అయితే ఆ తల్లి, పోస్టాఫీసులో..."

"అక్కా, నీకు దణ్ణం పెడతాను, ఊరుకో."

మడిచి కుట్టమన్న ఆ చొక్కా చేతులు గుండీలమ్మ ఆ పూటే కుట్టేసింది. కుడుతూ అనుకుంది: ఇలా దారిన పోయేవాళ్ళ భుజాలు చూస్తూ కూర్చుంటే పిచ్చెక్కుతుంది. తెలిసిన మనిషి రెండు వీధుల అవతలే ఉన్నాడు. ఇన్నాళ్ళూ అక్కడికి వెళ్ళకపోవడం భయంతోనే.

*

కాజాల బాబాయి ఇస్త్రీ కొట్టు మేడ మీద ఒంటిగదిలో ఉంటాడు. మాస్టరుకి వరసకి చిన్నాన్న; వీధంతటికీ బాబాయే, గుండీలమ్మకీ. దానికన్నా, నలభై ఏళ్ళు ఆయన పక్కన కూర్చుని కాజాలు తీసినవాడు. అయిదేళ్ళ కిందట చూపు మందగించి మానేశాడు. గుండీలమ్మ వెళ్ళేసరికి కిటికీ దగ్గర కూర్చుని, నడిమి వేలికి సూది గుచ్చుకోకుండా పెట్టుకునే అంగుస్తానా తొడిగి తీస్తూ, తొడిగి తీస్తూ ఉన్నాడు.

ఆమె నీలం గుడ్డ చుట్ట ఆయన ఒళ్ళో పెట్టింది. ఆయన పోగు తడిమాడు.

"పై అరలో గుడ్డ కదూ ఇది. కత్తిరించాడా?"

"నూట పన్నెండు" అంది గుండీలమ్మ. "బాబాయ్, నేను చిన్నపిల్లని కాదు. ఆయనా లేడు. నిజం చెప్పు. ఆయనకి కొడుకున్నాడా?"

ముసలాయన ముడిలోని చీటీ తీసి, మళ్ళీ అక్కడే దోపాడు. కింద ఇస్త్రీ బల్ల మీద నీళ్ళు చిలకరిస్తున్న చప్పుడు వినపడింది.

"ఉన్నాడమ్మాయ్" అన్నాడు. "ఇప్పుడు అబద్ధమాడి ఏం చేసుకుంటాను?"

"తల్లి ఎవరు?" అంది.

"నువ్వే."

ఆమెకి అర్థం కాలేదు. ఆయన చుట్టని ఒళ్ళోంచి తీయకుండానే చెప్పాడు, మధ్యమధ్యలో ఆగుతూ.

"ఆ రోజు కబురొస్తే కొట్లోంచి ఉన్నపళంగా పరిగెత్తాం. వాడి మెడలో టేపు అలాగే ఉంది. నర్సు బిడ్డని గుడ్డలో చుట్టి తెచ్చింది. మగబిడ్డ. ఊపిరి లేదు. నీకేమో ఒళ్ళు తెలియని జ్వరం. తొందరగా తీసుకుపొమ్మన్నారు. మీవాడు కదల్లేదు. ఒంటి మీద చొక్కా లేకుండా పంపనన్నాడు. అక్కడే, ఆ బల్ల మీద కొలత తీశాడు. పంతొమ్మిదిన్నర. నేను వద్దంటున్నా కొట్టుకి పరిగెత్తుకొచ్చి, తెల్ల గుడ్డ కోసి, మిషన్ మీద కుట్టాడు. మెడ దగ్గర గుండీ ఉండాలన్నాడు. నేను కాజా తీశాను. ఒక్కటే కాజా. నా జన్మలో అంత చిన్నది తీయలేదు అమ్మాయ్, మళ్ళీ తీయలేదు కూడా."

గుండీలమ్మ ఎక్కడో గోడకేసి చూస్తోంది. "గుండీ ఎవరు కుట్టారు?"

"వాడే. సరిగ్గా కుట్టలేదు. నువ్వు చూస్తే తిడతావన్నాడు."

కింద ఎవరో బట్టలు లెక్కపెట్టి పిలిచారు, ఎవరో జవాబిచ్చారు.

"మరి మిగతా కొలతలు?"

"ఏటా స్కూలు యూనిఫాములకి పిల్లలు వస్తారుగా. ఆ ఈడువాణ్ణి ఒకణ్ణి చూసుకుని, వాడి కొలతకి అటో ఇటో కాస్త కలిపి ఆ పేజీలో రాసేవాడు. పెద్దయ్యాక ఉద్యోగాల వాళ్ళవి చూశాడు. పోయినేడు నడుము పెంచాడు. ఎందుకురా అంటే, కూర్చుని చేసే ఉద్యోగం బాబాయ్, పొట్ట రాదా అన్నాడు."

"భుజం?"

"అది మాత్రం తనది. నా కొడుకైతే నా భుజం రాకుండా ఎలా ఉంటుంది అన్నాడు."

అప్పటికిగానీ ఆమెకి కళ్ళలో నీళ్ళు రాలేదు. వచ్చినా కోపంతోనే వచ్చాయి. "నాకు చెప్పొచ్చుగా! కన్నదాన్ని నేను కదా! ఇరవయ్యారేళ్ళు ఎదురెదురుగా కూర్చున్నాం బాబాయ్, మూరెడు దూరం లేదు..."

"చెబుదామనే ఉన్నాడు. నువ్వు కాస్త కోలుకోవాలని ఆగాడు." బాబాయి అంగుస్తానా తీసి కిటికీలో పెట్టాడు. "ఇంతలో నువ్వు గౌను కుట్టావు."

*

తిరిగి వస్తుంటే ఆమెకి దారంతా ఒక్కటే అనిపించింది. సినిమాలో ఆవిడకి కొడుకు దొరికితే ఇంట్లో ఉన్నవాళ్ళెవరూ పోలేదు. తనకి కొడుకు దొరికిన పూటే కూతురు పోయింది. పూల గౌన్లు తొడుక్కుని ఏటా ఓ అంగుళం పెరిగిన పిల్ల, జడ వేయించుకోవడానికి పేచీ పెట్టే పిల్ల, మొన్న మొన్నే పెళ్ళిమాట ఎత్తితే విసుక్కున్న పిల్ల. మాస్టరుకి తెలుసు ఆ పిల్ల లేదని. తెలిసీ చంక దగ్గర బిగుతన్నాడు. ఒకే గదిలో, ఒకే దీపం కింద, ఇద్దరూ చెరో బిడ్డని పెంచుకున్నారు. ఆయన బిడ్డ ఉన్నాడని ఆమెకి తెలియదు. ఆమె బిడ్డ లేదని ఆయన ఎప్పుడూ అనలేదు.

అక్క గుమ్మంలోనే ఎదురొచ్చింది. "ఏమన్నాడు? ఎవత్తె?"

గుండీలమ్మ చెప్పింది. రెండు ముక్కల్లో చెప్పింది. ఆ అక్క జీవితంలో మొదటిసారి మారుమాట్లాడకుండా వెళ్ళి, చెల్లెలికి కాఫీ కలిపి తెచ్చి, చక్కెర వెయ్యడం మర్చిపోయింది.

మిగిలిన అయిదు రోజులూ గుండీలమ్మ కోటు కుట్టింది. కోటు కుట్టడం ఆమె పని కాదు. చూసి ఎరుగును, అంతే. లైనింగు ఒకచోట ముడతపడింది. కాలరు రెండుసార్లు విప్పింది. ఎడమ భుజం కింద అరంగుళం మెత్త మాత్రం కొలిచి, మళ్ళీ కొలిచి పెట్టింది. ఆఖరి రోజు సెల్‌ఫోన్ల మనిషికి తాళం ఇచ్చింది. కటింగ్ బల్ల ఉంచుకుంటానన్నాడు, ఉంచుకోమంది. కొలతల పుస్తకం ఒక్కటి ఇంటికి తెచ్చుకుంది. నూట పన్నెండో పేజీలో పేరు గీత మీద ఏమైనా రాద్దామని రెండుసార్లు కలం పట్టుకుంది. ఏమీ తోచలేదు. పేరు పెట్టుకునే వయసులో వాణ్ణి చూడలేదాయె.

ఆ ఆదివారం మధ్యాహ్నం టీవీలో ఆ సినిమా వచ్చింది. ఛానెల్ మార్చబోయింది అక్క. "ఉండనీ" అంది గుండీలమ్మ. కోటు ఒళ్ళో వేసుకుని గుండీలు కుడుతోంది. కాజాలు లేవు, తీసేవాడికి చూపు లేదు, ఇంకొకరిచేత తీయించడం ఆమెకి ఇష్టం లేదు. ఎప్పటికీ పెట్టుకోలేని గుండీలు, అయినా ఒక్కోటీ నాలుగేసి చుట్లు బిగించి కుట్టింది.

వాన వచ్చింది. కుక్క గుర్తుపట్టింది. పళ్ళెం మూడుసార్లు పడింది. పెద్దాయన మెట్లు దిగొచ్చి కొడుకు భుజాల మీద చేతులు వేశాడు.

గుండీలమ్మ సూది ఆపి, ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఆ భుజం చూసింది. ఎక్కడా జారలేదు. మడత లేదు, ముడత లేదు. ఏ మహానుభావుడు కుట్టాడోగానీ, ఒంటికి పోతపోసినట్టుంది ఆ కోటు.

"ఏడుస్తున్నావేమే?" అంది అక్క కంగారుగా.

"కోటుకక్కా" అంది గుండీలమ్మ. "ఎడమ భుజం చూడు."

అక్క కళ్ళజోడు సవరించుకుని ముందుకు వంగింది. "బాగానే ఉందిగా."

"అవును" అని, గుండీలమ్మ వంగి పళ్ళతో దారం తెంపింది.